వంకతాడు మీద పేరు

కోరుట్ల,
జూన్ 16

సంజీవ్‌కు,

నువ్వు నా చెట్టు ఎక్కినవ్. నేను నడుము ఇరిగి కరీంనగర్ దవఖానల పండుకుంటే నా ఎనుక పుట్టినోనివి నువ్వు, వాగు మీదికి వంగిన నా తాడిచెట్టు, గా వంకతాడు ఎక్కినవ్. ఇన్నేండ్ల సంది గా మాట నా గొంతుల ముల్లు లెక్క ఉన్నది. నువ్వు మరిచినవ్ కావచ్చు. ఎక్కినోడు మరుస్తడు, పడ్డోడు మరువడు.

మన తాత వెట్టిన కట్టు నీకు ఎర్కలేదా? గీతగాడు ఏ తాడిచెట్టు మీదికెల్లి పడుతడో గా చెట్టును మళ్ళ వాడే ముట్టాలె. వాడు తన నోటితోని "ఎక్కు" అనేదాక కన్నతండ్రి గూడ దానికి మోకు ఎయ్యద్దు. లొట్టిల కల్లు పులిసి పురుగులు వడ్డా సరే. నన్ను అడిగినవా? నేను కట్టె పట్టుకొని అచ్చి చూస్తే వాగొడ్డున నా చెట్టుకు నీ లొట్టి ఏలాడుతున్నది. గా దినం మన గీతగాండ్ల దేవుడు కాటమయ్య ముందట నిలవడి, వీని గొంతు నా చెవుల వడద్దని ఒట్టేసుకున్న. నువ్వు సిరిసిల్లకు పోయి బట్ట నేసే సాంచెలు నడిపిచ్చినవ్, నేను కోరుట్లల గోదాంకు కావలి ఉన్న. నన్ను ఎవ్వడు సాదలే. నా పెండ్లాం దేవవ్వ బీడీలు జేసి నన్ను మంచం మీదికెల్లి లేపింది. ఒక్కని ముందట చెయ్యి చాపలే.

నీ గొంతు విననని ఒట్టు వెట్టుకున్న గని రాయనని వెట్టుకోలే. గందుకే రాస్తున్న. అక్షరాలు వంకర ఉంటే వంకరనే సదువుకో. నా మనుమరాలు అఖిలతోని రాపిస్తే అది నా మాటలకు నూనె వెట్టి జడలేస్తది. నాకు జడలద్దు.

గిప్పుడు ఎందుకు రాస్తున్నవని అడుగుతవ్. చెప్తున్న.

నీ బిడ్డ వసంత సిరిసిల్ల లైబ్రరీల నౌకరి జేస్తది గద. గామెనే మొదలువెట్టిందట గీ ఆట. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు లైబ్రరీలల్ల ఆదివారం పూట పిల్లగాండ్లను కంప్యూటర్ల ముందట కూసోవెడ్తరు. చెవులకు డిప్పలు తగిలిస్తరు. ఇక్కడ పోరి మాట్లాడితే అక్కడ పోరడు వింటడు. అందరు కలిసి తెర మీద ఒక్క ఊరు కడుతరు. లైబ్రరీ అంటే పేపరు సదువుకునే జాగ అని నేను ఎర్కగల్లోన్ని. ఆటలాడిచ్చే లైబ్రరీ నా పుట్టుకల సూడలే. కని అఖిల ఇంటర్ సదువుతున్నది, దాని నాయన మస్కట్ల ఉన్నడు, తల్లి మంజుల దాన్ని గడప దాటనియ్యది. లైబ్రరీకి అంటే మాత్రం ఎవ్వరు అడ్డం చెప్పరు. పోనిచ్చిన.

గా ఊర్లె అఖిల తాళ్ళవనం వెట్టింది. "తాతా, మన ఊరి వాగొడ్డున ఏ తాడు ఎవ్వలది?" అని నన్ను అడిగి అడిగి, ఒక్కొక్క చెట్టుకు ఒక్కొక్క పేరు పలక ఏలాడదీసింది. నన్ను చూడ రమ్మని చెయ్యి వట్టి గుంజుకపోయింది. చూసిన. మంచిగనే ఉన్నది, అబద్ధమెందుకు. అన్ని చెట్లు నిటారు. వాగు మీదికి వంగి ఒక్కటి. దాని మీద నీ పేరు.

నాకు అక్షరాలు కూడవలుక్కుంట అస్తయ్. గా మూడక్షరాలు మాత్రం జల్ది అచ్చినయ్.

"ఎవ్వలు వెట్టిండ్రే గిది?" అన్న.

"సిరిసిల్ల టీముల నరేశ్ అని ఉంటడు తాతా. వాళ్ళ తాత చెట్టట. నేను మా తాతది అంటే వినడు."

అప్పటిదాక వాళ్ళకు ఎర్కనే లేదు, వాడు నీ బిడ్డ కొడుకని, ఇది నా మనుమరాలని. అక్కా తమ్మీ అనుకుంట నెలల సంది మాట్లాడుకుంటున్నరు. వాగొడ్డు మీద వంకతాడు ఇంకో ఊర్లె ఎక్కడుంటదని నాకే ఎర్కైంది.

నీ మనుమనికి చెప్పు. గా పేరు తీసెయ్యమను. నా పేరు నేనే చెప్తే అఖిల రాస్తది. భూమి మీద చెట్టు గుంజుకున్నవ్, తెర మీది చెట్టు గూడ ఇడువవా?

రాజేశం

*

తంగళ్ళపల్లి,
జూలై 3

అన్నకు,

నీ ఉత్తరం అచ్చింది. పోస్టుమ్యాన్ చేతులవెట్టి "గీ కాలంల ఉత్తరాలేంది తాతా" అని నవ్విండు. నీ రాత గుర్తువట్టిన. ఎవ్వలన్న పోయిండ్రేమో అనుకున్న. ఇప్పి చూస్తే చెట్టు పంచాది.

నువ్వు మారలే అన్న. రోడ్డు ఎడల్పు జేసినప్పుడు గా వంకతాడును మిషన్‌తోని పడగొట్టిండ్రు. మొద్దు గూడ లేదు. ఇప్పుడు కరెంటు పోతే కనవడని చెట్టు కోసం నువ్వు కోరుట్ల కెల్లి, నేను తంగళ్ళపల్లి కెల్లి కొట్లాడుకోవాల్నా? గీతగాండ్ల సంఘంల మీటింగు వెడుదామా? కల్లు ఎవ్వలు పంచుకోవాల్నో గూడ రాయి మరి.

నరేశ్ అడిగిండు, "తాతా నీ చెట్టేది" అని. వంకతాడు అని చెప్పిన. గది అబద్ధమా? నువ్వు పడ్డ కానుంచి రోడ్డు పడేదాక దాన్ని గీసింది నేనే. నా అరికాళ్ళకు దాని గరుకు ఇంకా ఉన్నది. వాడు ముచ్చటపడి పేరు వెట్టుకున్నడు. నేను తియ్యమని చెప్ప. నీకు అంత రోషముంటే కింద నీ పేరు గూడ రాపిచ్చుకో. తాడిచెట్టు పొడుగే ఉంటది గద, ఇద్దరి పేర్లు పడుతయ్.

ఇంకో ముచ్చట. నరేశ్ ఎవ్వలతోని కలువడు. బడి నుంచి అచ్చి మూలకు కూసునేటోడు. గీ ఆట అచ్చినంక ఇంట్ల అన్నీ అఖిలక్క ముచ్చట్లే. "అఖిలక్క కాలువ తవ్వింది, అఖిలక్క నన్ను తిట్టింది" అనుకుంట బువ్వ తింటడు. గామె నీ మనుమరాలని తెలిసిన దినం వసంత వంటింట్లకు పోయి కండ్లు తుడుచుకున్నది. అన్నదమ్ములం మనం తెంపింది వాళ్ళు తెల్వకుంటనే ముడేసిండ్రు. గా ముడి ఇప్పకు.

నేను చెట్టు ఎక్కిన, నిజమే. ఎందుకు ఎక్కినవ్‌రా అని ఒక్కనాడన్న అడిగినవా? అడుగలే. అడిగే అలవాటు నీకు లేదు.

సంజీవ్

*

కోరుట్ల,
జూలై 14

నీకు,

చెట్టు కొట్టేసిన.

కింద పేరు రాసుకొమ్మంటవా? నీ కింద? నేను పెద్దోన్ని.

నిన్న ఆదివారం లైబ్రరీకి పోయిన. అఖిలను "నీ చేతులతోనే కొట్టు" అన్న. "కొట్ట తాతా, గౌండ్లోళ్ళం మనం పారే తాడును కొడుతమా?" అన్నది. నాకే నీతులు చెప్తున్నది. పక్క కంప్యూటరు కాడున్న పిల్లను అడిగిన, ఎట్ల కొడుతరే అని. గా పిల్లకు నేనెవ్వలో ఎర్కలేదు. "గొడ్డలి బొమ్మ మీద వత్తి, చెట్టు మీద వత్తు తాతా" అన్నది. వత్తిన. ఒక్కొక్క ముక్క మాయమైంది. మీది మట్టలు మాత్రం గాలిల నిలవడ్డయ్, మొద్దు లేకుంటనే. గవ్వి గూడ తీసేసిన.

అవుతల సిరిసిల్లల కూడ కనవడ్డది కావచ్చు, డిప్పలల్ల అందరు ఒక్కపారి ఒర్లిండ్రు. అఖిల చెవుల డిప్ప గుంజి నేను వెట్టుకున్న. "ఎవ్వల్రా కొట్టిండ్రు, గది మా తాత చెట్టు" అని నీ మనుమడు ఏడుస్తున్నడు.

"నీ తాత దొంగరా" అన్న. "పెద్దోడు చావు మంచంల ఉంటే చెట్టు ఎత్తుకపోయిన దొంగ. పోయి అడుగు." ఇంకా నోటికి అచ్చింది అన్న. మూడు లైబ్రరీలల్ల వినవడ్డదట. వినవడనియ్. నేను ఆరడి మాట అనలే, ఉన్నదే అన్న.

నా చెట్టు నేను కొట్టుకున్న. లెక్క తెగింది. ఇగ నాకు రాయకు.

రాజేశం

*

సిరిసిల్ల,
ఆగస్టు 19

పెద్దబాపుకు,

దండాలు. నేను వసంతను. ఫోన్ చేస్తే మీరు ఎత్తుతలేరు. మంజుల వదినె ఎత్తి, మీరు పక్కనే ఉండి చెయ్యి ఊపుతున్నరని చెప్పింది. అందుకే రాస్తున్న.

మీరు చెట్టు కొట్టినంక ఏమైందో మీకు ఎవ్వరు చెప్పి ఉండరు. వారం తిరిగి వచ్చేసరికి మా సిరిసిల్ల పిల్లలు కోరుట్ల తాళ్ళవనం మొత్తం నరికిండ్రు. దానికి కోరుట్ల పిల్లలు వాగుకు గండి కొట్టి, మా పిల్లలు ఎండకాలమంత కూసోని కట్టిన సాంచెల షెడ్డును ముంచిండ్రు. జగిత్యాల పిల్లలు నడుమల కోట కట్టిండ్రు పెద్దబాపు, అందరు కలిసి కూసోవాలని. రెండు దిక్కుల పిల్లలు ఆ కోట గోడలెక్కి తిట్టుకున్నరు. ఆ తిట్లల్ల ఎక్కువ వినవడ్డ మాట మీరన్నదే. "దొంగ తాత మనుమడు" అని నరేశ్‌కు పేరు పడ్డది. అది లైబ్రరీల ఆగలే, బడిదాక వచ్చింది. వాడు బడి బంద్ చేసిండు.

ఎవ్వరో తల్లిదండ్రులు జగిత్యాల లైబ్రరీ పెద్దసారు దగ్గరికి పోయిండ్రు. లైబ్రరీలల్ల కొట్లాటలు నేర్పుతున్నరని. సారు మంచోడే, ఆట ఆయనకు ఇష్టమే. కాని కోరుట్ల మీద కంప్లెయింట్ ఉన్నదని అక్కడ ఆదివారం ఆట ఆపేసిండు. మీకు ఆట అంటే పనిలేని ముచ్చట అనిపిస్తది. నాకూ మొదలు అట్లనే అనిపించింది. మా లైబ్రరీకి పిల్లలు పోటీ పరీక్షల పుస్తకం పట్టుకొని వచ్చుడు, ఒకరి మొకం ఒకరు చూడకుంట పోవుడు. ఆట పెట్టినంకనే ఒకరి పేరు ఒకరికి తెలిసింది. ఆ ఊరు కట్టెటందుకు మీ అఖిల ఇటుకబట్టీల మీద, చెరువు తూముల మీద పుస్తకాలు అడిగి తెప్పించుకున్నది.

సెప్టెంబర్ ఆఖరి ఆదివారం బతుకమ్మ సెలవులల్ల మూడు ఊర్ల పిల్లలు జగిత్యాల లైబ్రరీల కలుస్తున్నరు. ఇన్ని నెలలు గొంతులే విన్నరు, మొదటిసారి మొకాలు చూసుకుంటరు. ఆ ఊరు ఎట్ల కట్టినమో అందరి ముందు చెప్పెటందుకు పిల్లలందరు ఎన్నుకున్నది అఖిలను. కొట్లాట కాకముందు. ఇప్పుడు కోరుట్ల పిల్లలు రావద్దన్నరు.

సారు ఒక్క తొవ్వ చెప్పిండు. కొట్లాట మొదలైంది రెండిండ్ల పెద్దమనుషుల మధ్యల కాబట్టి, ఆ ఇద్దరు తమకు పంచాది లేదని ఒక్క కాగితం మీద సంతకం పెడితే కోరుట్ల పిల్లలను రానిస్తడు, ఆట మళ్ళ మొదలుపెడుతడు. కాగితం నా దగ్గరనే ఉన్నది. బాపును అడిగిన. గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

చెట్టుదేమున్నది పెద్దబాపు, గంటల మళ్ళ నిలవెట్టచ్చు. పిల్లలను మళ్ళ ఒక్కకాడ నిలవెట్టుడే నాతోని అయితలేదు.

మీ బిడ్డ,
వసంత

*

కోరుట్ల,
ఆగస్టు 28

సంజీవ్‌కు,

వసంత రాసింది. కాగితం మీద సంతకం వెట్టు. నేను వెడుత.

నీ కోసం కాదు. అఖిల దాని నాయనకు దొరికిపోయింది. ఎవ్వడో మస్కట్ దాక ఫోన్ల చెప్పిండట, "నీ బిడ్డ లైబ్రరీల మొగ పోరగాండ్లతోని ఆటలాడుతది, ఆడ మీ నాయన లొల్లి వెట్టిండు" అని. లైబ్రరీ బంద్, ఫోన్ బంద్, కాలేజీ నుంచి సీదా ఇంటికి అని వాడు అక్కడి కెల్లి హుకుం జారీ జేసిండు. తప్పు నాదైతే శిక్ష దానికి. మంజుల గూడ వాని మాటనే పట్టింది.

నేను వానితోని ఫోన్ల లొల్లి జేసిన. "నా కొడుకువు నాకే చెప్తున్నవా" అన్న. వాడు ఏమన్నడో ఎర్కేనా? "నువ్వు బాబాయి ముచ్చట్ల ఎవ్వని మాటన్న విన్నవా బాపు, నేనెందుకు వినాలె" అన్నడు. పెట్టేసిండు.

అఖిల నాకు పళ్ళెంల బువ్వ వెడుతది. చెంబు అందిస్తది. మాట మాత్రం అనది. ఒక్కనాడు నేనే అన్న, "గాడికి పోకుంటే సచ్చిపోతవానే, ఉత్త ఆట అది."

"ఆటకు పోలే తాతా," అన్నది. "గాడ నాతోని మాట్లాడేటోళ్ళు ఉండిరి."

గంతే. చెంబు తీసుకొని లోపటికి పోయింది. ఇంట్ల దాని తల్లి ఉండె, నేను ఉంటి. మేము మాట్లాడెటోళ్ళం కాదా? కాదు కావచ్చు.

జగిత్యాలకు అది పోతే, సారు పిలిచిండు అంటే దాని నాయన గూడ కాదనలేడు. గది ఒక్కటే తొవ్వ. సంతకం వెట్టి పంపు. పోస్టుల పంపు, మనిషిని పంపకు.

రాజేశం

*

తంగళ్ళపల్లి,
సెప్టెంబర్ 12

అన్నకు,

సంతకం వెట్ట.

నువ్వు నన్ను ఊర్లె దొంగ అన్నవ్, ఊకున్న. సంఘంల అన్నవ్, తలకాయ వంచుకొని ఊరిడిచి అచ్చిన. వదినె సచ్చిపోతే నీ వాకిట్లకు రానియ్యకుంటే మూలమలుపు కాడ నిలవడి మొక్కి మర్లిన. అన్నీ పడ్డ. నా మనుమని చెవుల అన్నవ్ సూడు, గది పడ. పన్నెండేండ్ల పోరడు. వాడు నన్ను పట్టుకొని "నిజం చెప్పు తాతా, ఎత్తుకపోయినవా" అని అడిగిండు. నా కండ్లల్ల సూసుకుంట. నేను ఏం చెప్పాలె? చెప్పద్దని మాటిచ్చిన. నేను ఊకుంటే వాడు నిజమే అనుకున్నడు. గా దినం సంది నా మంచం కాడికి అస్తలేడు.

గందుకే గీ దినం మాట తప్పుతున్న. నువ్వు తప్పిస్తున్నవ్.

నన్ను చెట్టు ఎక్కమన్నది వదినె.

నువ్వు దవఖానల ఉన్నవ్. మూడొద్దులైంది. పొద్దుమూకి నేను మోకు భుజానేసుకొని వస్తుంటే వాగుల అడ్డం నిలవడ్డది. వంకతాడు ఎక్కు మరిదీ అన్నది. నేను చెవులు మూసుకున్న. తాత కట్టు వదినె, అన్న పండుకున్నడు, నాతోని కాదు అన్న. ఆమె అన్నయ్ అన్నీ నేను గీడ రాయ. తెల్లారి ఎక్కిన. నేను దించుడు, ఆమె మోసుకపోయి కల్లు అమ్మే మండువల పోసుడు. గా చెట్టు కల్లు పారకం మంచిది గద, గా ఏడు ఇంకా ఎక్కువ పారింది. దవఖానల నువ్వు తిన్నది, తాగింది, మింగిన గోలీలు గా చెట్టువే అన్న. బీడీలయి కావు. అప్పుడు వదినె చేతులకు బీడీలు చుట్టుడు గూడ రాకపోవు. అది తర్వాత నేర్చుకున్నది, నువ్వు ఇంటికి వచ్చినంక నీకు చూపెట్టెటందుకు.

నీకు చెప్పద్దన్నది. నీకు ఎర్కైతే దవఖానల ముద్ద ముట్టవని, సచ్చిపోతవని. మంచిగైనంక చెప్దామన్న. మంచిగైనంక నువ్వు కట్టె పట్టుకొని సీదా చెట్టు కాడికి వచ్చినవ్. ఎందుకు ఎక్కినవ్ అని గాదు, దొంగ అని మొదలువెట్టినవ్. వదినె నీ ఎనుకనే నిలవడి ఉన్నది. నా దిక్కు చూసి తలకాయ అడ్డం ఊపింది. గంతే. గా తలకాయ ఊపుడు మీద నేను ఇన్నేండ్లు బతికిన.

ఇగ నా మాట. నీ చేతితోని, నీ వంకర అక్షరాలతోని, "నా తమ్ముడు దొంగ కాదు" అని రాసి పంపు. గది నరేశ్ చేతులవెడుత. వాడు చదివిన గంటల కాగితం మీద సంతకం వెడుత. గది రాకుంటే జగిత్యాల లేదు, ఆట లేదు, ఏది లేదు. వసంత ఎంత ఏడ్చినా సరే. నీకు నీ మనుమరాలు ఎంతనో నాకు వీడు అంత.

సంజీవ్

*

కోరుట్ల,
సెప్టెంబర్ 21

సంజీవ్‌కు,

నీ ఉత్తరం అచ్చి వారమైంది. మూడుసార్లు సదివిన. మొదటిసారి అబద్ధం అనుకున్న. సచ్చినోళ్ళు సాక్ష్యం చెప్పరు గద, వాళ్ళ నోట్లె ఏం పెట్టినా నడుస్తది. పొయ్యిలవెడుదామని లేచిన. మంజుల పొయ్యి కాడ ఉంటే మళ్ళ జేబులవెట్టుకున్న.

బస్సెక్కి మన ఊరికి పోయిన. మండువల కల్లు పోసిన మొగిలవ్వ ఇంకా ఉన్నది. కండ్లు సరిగ కనవడయ్, నోరు మాత్రం గట్లనే ఉన్నది.

"ఎవ్వలు?" అన్నది.

"రాజేశంను."

"పడ్డ రాజేశమా?"

"ఊఁ. మొగిలవ్వా, నేను దవఖానల ఉన్నప్పుడు వంకతాడు కల్లు మండువకు ఎవ్వలు తెచ్చిండ్రు?"

"గిప్పుడు అడుగ అచ్చినవా? నీ పెండ్లాం."

"సంజీవ్ గాదా?"

"వాడు చెట్టు మీద, అది చెట్టు కింద. వాడు దించుడు, ఇది మోసుడు. ఊరంత చూసింది."

"ఊరంత చూస్తే నాకు ఒక్కడన్న ఎందుకు చెప్పలే?"

"నీకా?" అని నవ్వింది. పండ్లు లేవు, దవడలు కొట్టుకుంట నవ్వింది. "నీకు చెప్పినోని ఇంటి ముందటికెల్లి మళ్ళ పోతవా నువ్వు? గా సంజీవ్‌గాని గతి చూసినం గద. గందుకే ఎవ్వలం నోరు ఇప్పలే. నీ ఇజ్జత్ నీకు ఉండనిద్దామని ఊరంత ఊకున్నది. ఊరు గిసొంటి దానం ఎవ్వనికి జేసింది?"

దానం అన్నది. నన్ను సూసి దానం అన్నది. దాని గుడిసె ముందట నేను పొద్దుగూకేదాక కూసున్న. ఆఖరి బస్సు పోయేది ఉన్నదని గామెనే లేపింది.

అంటే నేను కట్టె పట్టుకొని "నేను ఒక్కని సొమ్ము తినలే" అని బజారుల తిరిగిన దినాలల్ల ఎదురొచ్చినోడల్లా ఎర్కుండే నవ్విండు. నాకు దండం వెట్టి పక్కకు పోయి నవ్విండు. దేవవ్వ గూడ నవ్విందా? నా ఎనుక నిలవడి నీకు తలకాయ ఊపిన మనిషి, నా పక్కన పండుకొని, నా ముద్ద కలిపి, నేను నిన్ను తిట్టినప్పుడల్లా "ఊఁ" కొట్టింది. తమ్ముడు దొంగ అంటే "ఊఁ" అన్నది. సచ్చేటప్పుడు గూడ నోరు ఇప్పలే. నేను గంత చెడ్డోన్నా? గంత భయపెట్టిన్నా దాన్ని? లేకుంటే పిల్లగాన్ని సాదినట్టు నన్ను సాదిందా? ఏదైంది? నాకు నిద్ర వడ్తలేదు. నీ మీద కోపముంటే మంచిగ నిద్ర వడుతుండె.

నువ్వు రాయమన్నది రాసుడు నాకు పెద్ద పని కాదు. అక్షరాలు అస్తయ్. నిన్న పలక మీద రాసి చూసిన, తుడిచిన. రాస్తే నీ మనుమడు నీ మంచం కాడికి అస్తడు, అఖిల జగిత్యాలకు పోతది. రాయకుంటే అది ఇట్లనే నాకు బువ్వ వెట్టుకుంట ముసల్ది అయితది. నాకు గది ఎర్కే. పొద్దున అఖిల అచ్చి నా ముందట నిలవడ్డది, ఏమన్న అంటదేమో అని మొకం ఎత్తి చూసిన. కట్టె కింద పడ్డది, తీసి ఇచ్చి పోయింది.

కని నువ్వు సగమే రాసినవ్. "ఆమె అన్నయ్ అన్నీ నేను గీడ రాయ" అంటవేంది? ఎవ్వని పెండ్లాం మాటలు ఎవ్వడు దాచుకుంటుండు? మొగిలవ్వ చూసింది, దేవవ్వ చెట్టు కింద నిలవడ్డదని. నిలవడితే అడిగినట్టా? నువ్వే ముందుగాల ఎక్కితే, గతి లేక కింద నిలవడ్డదో ఏమో. వాగుల మీరు ఇద్దరే ఉన్నరు. ఒకలు లేరు. నీ ఒక్కనికే ఎర్క.

గా పొద్దుమూకి వాగుల ఏమన్నది? ఆమె మాటలు ఆమెవే రాయి. నా గురించి ఏమన్నదో గది రాయి. తిట్టిందా, తిట్టింది రాయి. "గా మొండోనికి చెప్పకు" అన్నదా, గదే రాయి. జడలెయ్యకు. ఆమె మాట నాకు ఎర్క, నలభై ఏండ్లు విన్న. నువ్వు కలిపి రాస్తే దొరికిపోతవ్. సదివి, ఔను ఇది దేవవ్వే అనిపిస్తే, గా గంటలనే నువ్వు అడిగింది రాసి, నేనే బస్సెక్కి అచ్చి వసంత చేతులవెడుత. నిన్ను చూడ. నీతోని మాట్లాడ. ఒట్టు ఒట్టే.

వచ్చే ఆదివారం జగిత్యాల. సారుకు కాగితం శనివారం అందాలె. గందుకే నీ జవాబు గురువారం నా చేతుల ఉండాలె. పోస్టును నమ్ముకోకు, కోరుట్ల బస్సు కండక్టరుకు ఇయ్యి, పొద్దటి సంది బస్టాండుల కూసుంట.

గురువారం దాటితే నువ్వు రాసింది అబద్ధమనే పట్టుకుంట. దేవవ్వ నిన్ను అడుగలే అని, నువ్వు దొంగవే అని, సచ్చేదాక పట్టుకుంట. గట్ల పట్టుకునుడే నాకు అల్కగ ఉన్నది సంజీవ్. మస్తు అల్కగ, ఏ బరువు లేకుంట ఉన్నది. గందుకే చెప్తున్న, గురువారం లోపట రాయి.

రాజేశం